అడవి నడక, పల్లెలో రాత్రి బస: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండేళ్ళుగా బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. నేను, మావారు, పదకొండేళ్ళ మా అమ్మాయి, అరవై రెండేళ్ళ మా అత్తగారు కలిసి ఒక శని, ఆదివారాల్లో కుద్రేముఖ్ అడవిలో నడిచి, రాత్రికి పల్లెలో ఎవరింట్లోనైనా ఉండి రావాలనుకుంటున్నాం. వాట్సాప్‌లో వచ్చిన ఒక ప్రకటనలో అడవి లోపలే గుడారాలు, చలిమంట, రాత్రి నడక అన్నీ ఉన్నాయి, ధర కూడా తక్కువే. మావారి స్నేహితులొకరు మాత్రం ముళ్లోడి ఊళ్ళో హోమ్‌స్టేలో ఉండి పగటిపూట నడవమంటున్నారు. ఏది నయం? మా అత్తగారిని తీసుకువెళ్ళవచ్చా? జలగల గురించి విని మా అమ్మాయి ఇప్పటి నుంచే భయపడుతోంది.
ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందుగా ఆ వాట్సాప్ ప్రకటనను పక్కన పెట్టేయండి. కర్ణాటకలో చిక్కమగళూరు వైపు పడమటి కనుమల్లో ఉన్న కుద్రేముఖ్ 1987 నుంచి జాతీయ పార్కు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడికి అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం, ఇక అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం సంగతి చెప్పనక్కర లేదు. శిఖరానికి వెళ్ళే దారిలో ఉదయమే అటవీశాఖ చెక్‌పోస్టు దాటి, చీకటి పడకముందే తిరిగి రావాలన్నది నియమం. కాబట్టి అడవి లోపల గుడారం వేయిస్తామని చెప్పేవారు మీ చేత తప్పు చేయించబోతున్నారు, లేదా రోడ్డు పక్కన ఏదో తోటలో గుడారం వేసి దాన్నే అడవి అనబోతున్నారు. రెండింటిలో ఏదైనా మీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళదగినది కాదు. మీవారి స్నేహితులు చెప్పినదే సరైన పద్ధతి: పగలు అడవి, రాత్రి పల్లె.

అనుమతి విషయంలో ఒక మాట. 2024 జనవరి చివరలో, గణతంత్ర దినోత్సవ సెలవులకు, ఆ కనుమల్లోనే ఉన్న కుమారపర్వతం మీదికి ఒక్కసారిగా వేల మంది వెళ్ళి అడవి దారంతా కిక్కిరిసిపోయిన తరువాత కర్ణాటక అటవీశాఖ నిబంధనలను బిగించింది. ఆ ఏడాదే ‘అరణ్య విహార’ అనే వెబ్‌సైటు ద్వారా ముందుగా టికెట్టు తీసుకునే ఏర్పాటు చేసి, ఒక్కో దారిలో రోజుకు ఇంతమందే అని పరిమితి పెట్టింది. సెలవు రోజులకు టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి, ముందు టికెట్టు చేతికొచ్చాకే హోమ్‌స్టే, బస్సు మాట్లాడుకోండి. టికెట్టు మీద ఉన్న పేరుకు సరిపోయే గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి.

ఇక దారి సంగతి. కుద్రేముఖ్‌కు దగ్గరలోని ఊరు కళస, బెంగళూరు నుంచి సుమారు 330 కిలోమీటర్లు. శుక్రవారం రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి చేరవచ్చు. అక్కడి నుంచి సంసె మీదుగా బాళెగల్ వరకు మామూలు రోడ్డే కానీ, బాళెగల్ నుంచి ముళ్లోడికి జీపు తప్ప గత్యంతరం లేదు. రాళ్ళూ గుంతలూ నిండిన ఆ ఆరేడు కిలోమీటర్లు నడుము నొప్పి ఉన్నవారికి నిజంగా పరీక్షే. శిఖరం ఎత్తు 1894 మీటర్లు. ముళ్లోడి నుంచి వెళ్ళి రావడానికి మొత్తం ఇరవై కిలోమీటర్ల దాకా నడవాలి, అంటే మామూలు మనుషులకు ఎనిమిది, తొమ్మిది గంటల పని. శుక్రవారం రాత్రంతా బస్సులో కూర్చుని శనివారం ఉదయమే నడకకు దిగే పద్ధతి చాలామంది పాటిస్తారు కానీ, పిల్లలున్న కుటుంబానికి నేను దాన్ని ఒప్పుకోను. శనివారం ఊళ్ళో విశ్రాంతిగా గడపండి, దగ్గరలోని వాగు దాకా నడవండి, రాత్రి బాగా నిద్రపోండి. శిఖరం దారి ఆదివారం ఉదయం పట్టండి. సోమవారం ఒక్క రోజు సెలవు పెట్టుకోగలిగితే ఇంకా హాయి.

మీ అత్తగారిని తప్పకుండా తీసుకువెళ్ళండి, కానీ శిఖరానికి కాదు. నడుము, మోకాళ్ళు బాగుంటే జీపు ప్రయాణం తట్టుకోగలరు. మీరు కొండెక్కినంతసేపు ఆవిడ ఆ ఇంట్లోనే ఉండవచ్చు. నేను అక్కడ చూసినంతలో పెద్దవాళ్ళకు ఆ ఇళ్ళు వెంటనే నచ్చుతాయి: అరటి, పోక చెట్ల మధ్య పెంకుటిల్లు, వాకిట్లో ఆరబోసిన మిరియాలు, కట్టెల పొయ్యి మీద హండాలో కాగుతున్న వేణ్ణీళ్ళు. ఒకసారి నాతో వచ్చిన ఒక పెద్దావిడ, అనంతపురం జిల్లావారే, ఇల్లాలితో కలిసి పొయ్యి ముందు కూర్చుని నీర్ దోసె పోయడం నేర్చుకున్నారు. పిండి మజ్జిగంత పల్చగా ఉండాలని, పెనం మీద తిప్పకుండా పైనుంచి చిలకరించినట్టు పోయాలని, తిరగేయకుండానే మడిచి తీయాలని ఇల్లాలు కన్నడంలో చెబుతుంటే, ఈవిడ తెలుగులోనే అడుగుతూ, ఇద్దరూ గంటసేపు ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకున్నారు. బెంగళూరులో పన్నెండేళ్ళున్న మీకు భాష ఇబ్బందే కాదు.

అమ్మాయి విషయంలో వయసు కన్నా అలవాటు ముఖ్యం. వెళ్ళడానికి ముందు రెండు ఆదివారాలు నంది కొండను మెట్లదారిన ఎక్కించి దింపండి. మరునాడు కాళ్ళు పట్టుకుపోకుండా మామూలుగా బడికి వెళ్ళగలిగితే ధైర్యంగా తీసుకువెళ్ళవచ్చు. లేకపోతే, దారి మధ్యలో పచ్చిక కొండ మీద ఒంటరిగా నిలబడిన చెట్టు ఒకటుంది, అక్కడివాళ్ళు దాన్ని ‘ఒంటి మర’ అంటారు, మన ఒంటిమానే. అంతవరకు వెళ్ళి తిరిగి వస్తామని గైడుకు ముందే చెప్పండి. కొండ మడతల్లో దట్టంగా పెరిగే షోల అడవి, దాని మీదుగా పచ్చిక కొండలు, లోయలో ముసిరే మబ్బు అన్నీ ఆ దారిలోనే కనిపిస్తాయి. శిఖరం చూడలేదన్న లోటు పిల్లలకు ఉండదు, అది పెద్దవాళ్ళకే.

గైడు గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ ప్రయాణమంతా అతని మాట మీద ఆధారపడి ఉంటుంది. ఆ అడవిలో తరతరాలుగా ఉంటున్నవాళ్ళలో మలెకుడియలనే గిరిజనులు ముఖ్యులు. అక్కడ పుట్టి పెరిగినవారికి ఏ వాగు ఎంతసేపట్లో పొంగుతుందో, అడవిదున్నలు ఏ పొద్దున ఏ పచ్చికలోకి దిగుతాయో చిన్నప్పటి నుంచి తెలుసు. కొన్నేళ్ళ కిందట పడమటి కనుమల్లోనే మరొక కొండ మీద, నేను ఈ సంగతి పట్టించుకోలేదు. మధ్యాహ్నం రెండున్నరకు గైడు పడమటి గట్టు మీది మబ్బు చూసి, “సాకు, హిందె హోగోణ” అన్నాడు, ఇక చాలు, వెనక్కి పోదామని. ఇంత దూరం వచ్చాం కదా, ఇంకో ఇరవై నిమిషాలే కదా అని నేను వాదించాను. డబ్బులిచ్చిన మనిషి మాట కాదనలేక అతను ఒప్పుకున్నాడు. దిగేటప్పుడు పొగమంచు కమ్మి, పచ్చికలో బాట చెరిగిపోయినట్టయింది, ఐదున్నరకే చీకటి పడింది. అతను తలకు చుట్టుకున్న తెల్ల తువ్వాలును విప్పి, తన వీపు వెనక వేలాడేలా భుజాలకు కట్టుకుని, “దీన్నే చూస్తూ రండి” అన్నాడు. ఆ తెల్ల గుడ్డ తప్ప మరేమీ కనిపించని రెండు గంటలు నేను మరిచిపోలేను. ఇల్లు చేరేసరికి అతని భార్య టార్చి పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది, అన్నం తినలేదు. నా ఇరవై నిమిషాలకు వెల ఆవిడ కట్టింది. అప్పటి నుంచి గైడు వెనక్కి అంటే వెనక్కే. మీరు కూడా బయలుదేరే ముందే, మీ అమ్మాయి వింటుండగా, “మీరు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతాం” అని అతనికి చెప్పండి. ఆ మాట చెప్పకపోతే చాలామంది గైడులు మొహమాటంతో నోరు విప్పరు.

హోమ్‌స్టే అన్నది హోటలు కాదు, ఒక కుటుంబం నివసించే ఇల్లు. ఎంతమంది వస్తున్నారో, ఏం తింటారో రెండు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పండి, సరుకులు జీపులోనే రావాలి. కొన్ని ఇళ్ళల్లో గుడ్డు కూడా వండరు, మీకు మాంసాహారం కావాలంటే ముందే అడిగి ఇల్లు ఎంచుకోండి, అక్కడికి వెళ్ళాక అడగవద్దు. మద్యం, స్పీకర్లు వద్దే వద్దు. పెరట్లో పని చేసుకుంటున్న ఆడవాళ్ళను, పిల్లలను అడగకుండా ఫొటోలు తీయవద్దు. బేరం ఆడదలచుకుంటే బెంగళూరులో ఉండగానే ఆడండి, తిని, పడుకుని లేచాక ఆడటం న్యాయం కాదు. మిరియాలో తేనెనో వాళ్ళ దగ్గరే కొనుక్కోండి. గైడుకు ఇచ్చేది గైడు చేతికే ఇవ్వండి. మధ్యవర్తి ద్వారా పంపితే ఎంత చేరుతుందో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు జలగలు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు, ఆ తరువాత కూడా కొన్ని వారాలు, తడి ఆకుల మీద అవి ఉంటాయి. అక్కడ కురిసే వాన అటువంటిది: బెంగళూరులో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడితే, కుద్రేముఖ్‌లో దానికి ఎన్నో రెట్లు పడుతుంది. మోకాళ్ళ దాకా వచ్చే దళసరి మేజోళ్ళు వేసి, ప్యాంటు అంచును వాటిలోకి దోపండి. జలగ పట్టుకుంటే ఉప్పు చల్లడం, నిప్పు అంటించడం చేయవద్దు, అలా చేస్తే అది కడుపులోది గాయంలోకి కక్కవచ్చు. గోటిని చర్మానికి ఆనించి, సన్నగా ఉన్న కొస దగ్గర మెల్లగా పక్కకు నెడితే ఊడిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి, తరువాత కొంతసేపు రక్తం కారుతూనే ఉంటుంది. సబ్బుతో కడిగి గుడ్డతో అదిమి పట్టండి, చాలు. అమ్మాయికి ఇదంతా ఇంట్లోనే వివరంగా చెప్పండి. భయం చాలావరకు తెలియకపోవడం వల్లనే.

నిజానికి నేను జలగకన్నా పిడుదుకు, అంటే ఒంటికి పట్టి రక్తం పీల్చే చిన్న పురుగుకు, ఎక్కువ జాగ్రత్తపడతాను. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చనిపోతున్నప్పుడు బయటపడిన జ్వరాన్ని క్యాసనూరు అటవీ వ్యాధి అంటారు, కన్నడిగులు మంగన కాయిలె అంటారు, అంటే కోతి జబ్బు. ఇది పిడుదు కాటు వల్ల వస్తుంది, చిక్కమగళూరు జిల్లాలో కూడా ఉంది, డిసెంబరు నుంచి మే వరకు దీని కాలం. నిండు చేతుల చొక్కాలు వేయండి, కీటకాలు వాలకుండా చర్మానికి రాసే మందు వాడండి, ఆకుల మీద నేరుగా కూర్చోవద్దు. ఇల్లు చేరగానే స్నానం చేసి, అమ్మాయి చెవుల వెనక, చంకల్లో, నడుము చుట్టూ చూడండి. తిరిగి వచ్చిన రెండు వారాల లోపల తలనొప్పి, ఒళ్ళునొప్పులతో హఠాత్తుగా తీవ్రమైన జ్వరం వస్తే, ఫలానా అడవికి వెళ్ళి వచ్చామని డాక్టరుకు మీరే చెప్పండి. బెంగళూరులో కూర్చున్న డాక్టరుకు ఆ ఆలోచన తనంతట తానుగా రాకపోవచ్చు.

మీ కుటుంబానికి అక్టోబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు అనువైన కాలం. వానాకాలంలో బాట జారుడుగా ఉంటుంది, ఫిబ్రవరి నుంచి ఎండుగడ్డి అంటుకునే ప్రమాదం వల్ల దారులు మూసేస్తారు.

ప్రశ్న: చెన్నై పెరంబూరులో ఉంటాను, ఉద్యోగంలో చేరి ఏడాదైంది. కొండల్లో నడకకు స్నేహితులతో వెళ్తానంటే, కురంగణిలో జరిగింది గుర్తుచేసి అమ్మానాన్న వద్దంటున్నారు. వాళ్ళను ఎలా ఒప్పించాలి?
ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: మీ అమ్మానాన్నల భయానికి కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు, వారిలో చెన్నై నుంచి వెళ్ళినవారూ ఉన్నారు. ఎండాకాలం మొదలై గడ్డి పూర్తిగా ఎండి ఉన్న సమయమది, పైగా వాళ్ళు నడిచిన దారికి అటవీశాఖ అనుమతి లేదు. ఆ తరువాత తమిళనాడు ప్రభుత్వం కొండ నడకలకు నియమాలు తెచ్చింది. 2024 అక్టోబరులో ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో పద్నాలుగు జిల్లాల్లో నలభై దారులను ఎంపిక చేసి, వాటి కష్టాన్ని బట్టి విభజించి, ఆన్‌లైన్‌లో టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. శిక్షణ పొందిన గైడులు ఆ కొండల్లోని గిరిజన పల్లెలవాళ్ళే. వీటిలో ఎక్కువ భాగం పగటి నడకలు కాబట్టి, రాత్రి బసను అడవి బయట ఊళ్ళో విడిగా చూసుకోవాలి.

అమ్మానాన్నలతో వాదించకుండా, మొదటిసారికి ఒక సులువైన దారిని ఎంచుకుని, టికెట్టు వాళ్ళ ఎదుటే తీసుకోండి. ఏ రోజు, ఏ దారి, ఎన్ని గంటలకు కిందికి దిగుతారు, ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఉంటారు అన్నది కాగితం మీద రాసి, గైడు నంబరుతో పాటు ఆ ఇంటివాళ్ళ నంబరు కూడా ఇవ్వండి. కొండ మీద సిగ్నల్ ఉండకపోవచ్చని, దిగగానే ఫోన్ చేస్తానని ముందే చెప్పండి. చెప్పిన వేళకు చేయండి. వీలైతే మీ నాన్నగారినే ఆ మొదటి నడకకు రమ్మని అడగండి.