ఏడు పైసల సంగతి

బుజ్జి తల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫైనాన్స్ ఉద్యోగం మానేసి ప్రోగ్రామింగ్‌లోకి వెళ్తానంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. దాని గొంతులో ఒకటే భయం. నాకూ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అయినా లోపల ఎంత పొంగిపోయానో! బీకాం చదివి, లెడ్జర్లు రాసుకునే ఉద్యోగం వదిలి, 1998లో అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి వెళ్లినదాన్ని నేనే కదా. 2000 రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తిరగబడతాయని కంపెనీలన్నీ కంగారుపడుతున్న రోజులవి. కోబాల్ వస్తే చాలు, పని దొరికేది. 2001లో ఆ పని ఆగిపోయింది. మా గదిలో నలుగురం ఉండేవాళ్లం, ముగ్గురం పెట్టెలు సర్దుకున్నాం. అందుకే చెబుతున్నా, కనీసం ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో లేకుండా రాజీనామా ఇచ్చావంటే నేను ఊరుకోను.

మిగతావి నీకు తెలిసినవే. పైథాన్, ఎస్‌క్యూఎల్‌తో మొదలుపెట్టు. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ ఇప్పుడే అలవాటు చేసుకో. లేని అనుభవం ఉన్నట్టు రెజ్యూమే రాసిచ్చే వాళ్ల గడప తొక్కకు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మీ పెదనాన్నకు తప్ప ఎవరికీ తెలియదు.

అమీర్‌పేట నుంచి గుంటూరు తిరిగొచ్చాక ఒక సహకార పరపతి సంఘానికి విజువల్ బేసిక్‌లో వడ్డీ లెక్కల ప్రోగ్రాం రాశాను. డబ్బు కోసమే అందులో కరెన్సీ అనే రకం ఉంది. అది తెలియక, దశాంశాలను దాదాపుగా మాత్రమే దాచే డబుల్ అనే రకం వాడాను. మూడో వంతును మనం దశాంశాల్లో ఎంత రాసినా పూర్తికాదు చూడు, కంప్యూటరుకు పదో వంతుతో అదే ఇబ్బంది. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడు, 0.30000000000000004 అని చూపిస్తుంది. మూడు నెలల వడ్డీ వేశాక ఖాతాల మొత్తానికీ, సంఘం అసలు లెక్కల పుస్తకమైన జనరల్ లెడ్జరుకూ 7 పైసలు తేడా వచ్చింది.

డెబిట్లూ క్రెడిట్లూ సరిపోయాయో చూసే ట్రయల్ బ్యాలెన్సులో రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా వెతికిన మనిషిని, ఆ రోజు ఏడు పైసలే కదా అనుకున్నాను. తేడా ఎంత వస్తే అంత, లెక్క తేలని సొమ్ము పెట్టే సస్పెన్స్ ఖాతాలో వేసెయ్యమని ప్రోగ్రాంలో ఒక లైను రాశాను. ఎంత వస్తే అంత! దానికి ఒక హద్దయినా పెట్టలేదు తల్లీ.

తర్వాతి మూడు నెలలకు, రెన్యూవల్ చేసిన డిపాజిట్లకు వడ్డీ పడలేదు. అదీ నా కోడ్‌లో తప్పే. ఆ సొమ్మంతా సస్పెన్స్‌లోకి వెళ్లిపోయింది, పైకి మాత్రం లెక్క టాలీ అయిపోయింది. ఎవరికీ అనుమానం రాలేదు. ఒక రిటైరైన మాస్టారు పాస్‌బుక్కు పట్టుకొచ్చారు. అంచున పెన్సిల్‌తో సన్నగా వడ్డీ లెక్క వేసుకున్నారు, 412 రూపాయలు తక్కువ. "నా లెక్కే తప్పేమో, ఒకసారి చూడమ్మా" అన్నారు. ఆయన లెక్క తప్పు కాదని చూడకముందే నాకు తెలిసిపోయింది. మూడు రాత్రులు క్యాలిక్యులేటరుతో ఖాతాలన్నీ తిరగేశాను. అందరికీ సొమ్ము జమ అయ్యేదాకా అన్నం సయించలేదు.

నువ్వు డబ్బును పైసల్లో, పూర్ణాంకాలుగా దాచు. లేదంటే పైథాన్‌లో దశాంశాలను ఉన్నవున్నట్టు దాచే డెసిమల్ రకం వాడు. తేడా వస్తే ప్రోగ్రాం అక్కడే ఆగిపోవాలి. "ఫైనాన్స్ వదిలేస్తున్నా" అన్నావట, ఆ మాట ఇంకోసారి అనకు. ఒక్క పైసా తేడా వచ్చినా ఊరుకోని ఆ కన్ను నీకు ఇన్నేళ్ల ఉద్యోగంలో వచ్చింది. దాన్ని ఎందుకే వదలడం?

రాత్రిళ్లు మేలుకుని కళ్లు పాడుచేసుకోకు. అమ్మకు రోజూ ఫోన్ చెయ్యి, దాని టెన్షన్ సగం తగ్గుతుంది. వచ్చే ఆదివారం లాప్‌టాప్ తీసుకుని రా. ఆ వడ్డీ లెక్కల కాగితాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. వాటిని ముందేసుకుని ఈసారి ఆ ప్రోగ్రాం నువ్వు రాయి, నేను పక్కన కూర్చుంటాను.

మీ పెద్దమ్మ