నోటిఫికేషన్ రాదు, నాన్నకు బాగోలేదు... చదువు సాగేదెలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. డిగ్రీ అయ్యింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. నాన్నకు కిడ్నీ జబ్బు. పుస్తకం తెరిస్తే చాలు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, నాన్నకు డయాలసిస్ దాకా వెళ్తుందేమో, రేపు నాకూ ఇదే వస్తుందేమో అని టెన్షన్. నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో పుట్టి పెరిగినవాడికి ఈ దిగులు రావడంలో వింతేమీ లేదు. అందుకే ఆలోచించడం మానెయ్యమని చెప్పను. ఒక్కో దిగులులో నీ చేతికి అందే పని ఎంతుందో చూద్దాం.

ముందు జబ్బు సంగతి. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, ఎన్ని పరిశోధనలు జరిగినా ఫలానా కారణమని ఇంకా కచ్చితంగా తేలలేదు. అంతమంది డాక్టర్లకు తేలనిది అర్ధరాత్రి మంచం మీద నీకు తేలదు. కానీ ఈ వారంలోనే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్రపరీక్ష చేయించుకోవడం, బీపీ చూపించుకోవడం నీ వల్ల అయ్యే పనే. ఇంకో మాట. పరుగెత్తి వచ్చాక పిక్కలు పట్టేశాయని మందుల షాపులో నొప్పి బిళ్ల అడిగి మింగేస్తుంటారు కుర్రాళ్లు. పదేపదే వేసుకుంటే అది కిడ్నీలకు చేటు. నీకు ఆ అలవాటుంటే ఇవాళే మానెయ్. ఎండెక్కకముందే పరుగు ముగించు, నీళ్లు బాగా తాగు. నాన్న విషయంలో మాత్రం నీళ్లు, ఉప్పు డాక్టర్ చెప్పిన లెక్కే. ఆయన రిపోర్టులన్నీ తేదీలవారీగా ఒక ఫైల్లో పెట్టు. ఈసారి వెళ్లినప్పుడు అడగాల్సినవి ముందే కాగితం మీద రాసుకో.

ఇక నోటిఫికేషన్. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరిలో జరిగితే, దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబర్ నెలాఖరైంది. తుది పరీక్ష 2025 జూన్‌లో. అంత కాలం ప్రాక్టీసు వదలకుండా ఉండటం చాలా కష్టం, కాదనను. అయినా పిలుపు వచ్చిన రోజున 1600 మీటర్లు పరుగెత్తాల్సింది ఆ కాళ్లే. టెలిగ్రామ్ గ్రూపుల్లో 'రేపే నోటిఫికేషన్' అనే పోస్టులు చూడటం ఆపెయ్. ఆదివారం ఒక్కసారి రిక్రూట్‌మెంట్ బోర్డు వెబ్‌సైట్ చూస్తే చాలు. ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకుండా, కేంద్ర బలగాల ఉద్యోగాలకు జరిగే ఎస్ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ పరీక్షకూ అప్లై చెయ్యి. తెలుగులోనూ రాయొచ్చు. మగవాళ్లకు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్ల పరుగు ఉంటుంది కాబట్టి నీ ప్రాక్టీసు వృథా పోదు.

రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఒక పావుగంట దిగుళ్లకే కేటాయించు. మనసులో ఉన్నవన్నీ కాగితం మీద రాయి. ఒక్కోదాని పక్కన రేపు చేయగల పని రాయి. ఏమీ లేకపోతే ఖాళీగా వదిలెయ్. చదువుతుండగా అదే ఆలోచన వస్తే, సాయంత్రం చూద్దామని మళ్లీ లెక్కల్లోకి వెళ్లు. మొదట్లో కుదరదు, పది పన్నెండు రోజులు పట్టు వదలకు.

అప్పటికీ నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యి. డబ్బులు తీసుకోరు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. నాన్న సంగతీ ఉద్యోగం సంగతీ రెండూ దాచకుండా చెప్పు.