వంటింటి కబోర్డులు తుడిచే ముందు

అమ్మాయీ,

కబోర్డులు జిడ్డు పట్టి చేతికి అంటుకుంటున్నాయని రాశావు. బకెట్టు, పీచు అందుకునే ముందు ఒక్క మాట విను. కబోర్డులు మురికితో పాడవడం కంటే తడితో పాడవడమే ఎక్కువ. ప్లైవుడ్ కాస్త ఓర్చుకుంటుంది. చెక్కపొట్టు, చెక్కపీచు జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ పలకలు మాత్రం అంచుల్లోంచి నీళ్లు పీల్చి ఉబ్బిపోతాయి. ఎండబెట్టినా మళ్లీ పాత మందానికి రావు.

ముందు పొడిగుడ్డతో పైనుంచి కిందికి దుమ్ము తుడిచెయ్. దుమ్ము మీద తడిగుడ్డ పెడితే బురదలా మూలల్లో చేరుతుంది. తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లలో చిన్న చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలుపు. మెత్తని గుడ్డ ముంచి, చుక్క కూడా కారనంత గట్టిగా పిండు. తలుపు లోపలివైపు ఓ మూల తుడిచి చూడు, గుడ్డకి రంగు దిగితే అక్కడితో ఆపెయ్. పాలిష్ చెక్కయితే దాని గీతల వెంటే తుడవాలి. వెంటనే ఉత్త నీళ్లలో పిండిన గుడ్డ, ఆ వెనకే పొడిగుడ్డ. సబ్బు మిగిలితే అదే మళ్లీ దుమ్ముని పట్టుకుంటుంది. ఒక తలుపు ఆరాకే రెండోది మొదలుపెట్టు.

పొయ్యి పక్కనున్న తలుపులది వేరే సంగతి. వేడికి, గాలికి నూనె ఆవిరి గట్టిపడి వార్నిష్‌లా అతుక్కుంటుంది. రుద్దితే పోదు, నానాలి. పిండిన సబ్బుగుడ్డని దానిమీద రెండు మూడు నిమిషాలు అదిమి ఉంచు, అంచులకి మాత్రం తగలనివ్వకు. మెత్తబడ్డాక తుడువు, మిగిలితే మళ్లీ అదిమి పెట్టు. వంటసోడా, స్టీలు పీచు మెరిసే తలుపుల జోలికి తేవద్దు. వాటితో పడే సన్నగీతలు వెలుతురు పడ్డప్పుడల్లా కనిపిస్తాయి, వాటిని పోగొట్టడం చాలా కష్టం. హ్యాండిల్ వెనకాల వేళ్లు తగిలేచోట నల్లగా చారలు కడతాయి చూడు, అక్కడ పాత టూత్‌బ్రష్ బాగా పనిచేస్తుంది.

ఓ పక్కకి ఒరిగిన తలుపుకి వడ్రంగిని పిలిచే ముందు లోపలి కీళ్లు చూడు. మామూలుగా ఈ కీళ్లలో తలుపు వైపున్న స్క్రూ దాన్ని కుడి ఎడమలకి జరుపుతుంది, వెనకది ముందుకీ లోపలికీ జరుపుతుంది. ఒక్కోసారి సగం చుట్టే తిప్పి, మూసి చూసుకో. స్క్రూ వదులై ఊరికే తిరుగుతుంటే, రంధ్రంలో చెక్కజిగురు పూసిన అగ్గిపుల్లలు రెండు దూర్చి, పైకి వచ్చినవి విరిచెయ్. ఒక రోజు ఆరాక స్క్రూ బిగించు. సొరుగు జారే ఛానెళ్లకి వంటనూనె పొయ్యకు, దుమ్ముతో కలిసి బంకవుతుంది. సిలికాన్ స్ప్రే కొద్దిగా చాలు.

అన్నిటికంటే నాకు బెంగగా ఉన్నది సింకు కిందిది. పైపు జాయింటు దగ్గర చుక్కచుక్కగా కారినా కింది పలక ఉబ్బుతుంది, అంచుపట్టీ ఊడుతుంది. ఈ పూటే సామాను తీసి, జాయింటు చుట్టూ పొడి కాగితం చుట్టు. కాసేపు కొళాయి తిప్పి వదిలి, ఆ కాగితం తడిసిందేమో చూడు. తడిస్తే తుడవడం తర్వాత, ముందు జాయింటు బాగుచేయించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ