మొక్కలు మాట్లాడుకుంటాయా, పసిగడతాయా?

సందేహం: పురుగు కొరికిన మొక్క ఏవో రసాయనాలు గాలిలోకి వదిలి పక్క మొక్కలను హెచ్చరిస్తుందని చదివాను. దీన్ని ‘మొక్కలు మాట్లాడుకుంటాయి’ అని రాయవచ్చా? ఆ వదిలేదాన్ని పరిమళం అనాలా, కంపు అనాలా?

సమాధానం: ముందు రెండోది. వాసన అంటే చాలు. పరిమళం అనగానే మనసు పువ్వు మీదికి పోతుంది, ఇక్కడున్నది దెబ్బతిన్న ఆకు. కంపు పాత కావ్యాల్లో సువాసనే, ఇవాళ ఎవరూ అలా అనుకోరు. గడ్డి కోసినప్పుడు గుప్పున వచ్చేదాన్ని పచ్చి వాసన అంటాం కదా, అది ఇదే. ఆకు చిరగగానే కణాల పొరల్లోని కొవ్వులు విరిగి, హెక్సెనాల్ లాంటి తేలికపాటి పదార్థాలై గాలిలో కలుస్తాయి.

ఇక ‘మాట్లాడుకోవడం’. హెడ్డింగుకు బాగుంటుంది గానీ, పాఠంలో నేను ఒప్పుకోను. ఆ ‘కోవడం’లో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది, అటూ ఇటూ మాట నడవాలి. 1990లో ఫార్మర్, రయాన్ అనే శాస్త్రవేత్తలు సేజ్‌బ్రష్ అనే పొద కొమ్మనూ టమాటా మొక్కనూ ఒకే మూసిన పాత్రలో ఉంచారు. కొమ్మ నుంచి వచ్చిన మిథైల్ జాస్మొనేట్ తగిలి, టమాటా ఆకుల్లో పురుగుకు అరుగుదల చెడగొట్టే ప్రొటీన్లు తయారయ్యాయి. (జాజిపూల నూనెలోనూ ఉండే పదార్థమే అది.) టమాటా బదులు చెప్పిందేమీ లేదు. ‘హెచ్చరించింది’ అన్నా చిక్కే, పొదకు టమాటాను కాపాడే ఉద్దేశం అంటగట్టినట్టవుతుంది.

దీనికి అచ్చంగా సరిపోయే క్రియ మనకు ఉంది: పసిగట్టడం. పసి అంటే వాసన. వేటకుక్క జంతువును పసిగడుతుంది. ఇప్పుడు ఏ రహస్యం కనిపెట్టినా ఆ మాట వాడుతున్నాం, మొక్కల విషయంలో మాత్రం అసలు అర్థమే పనికొస్తుంది. ‘పురుగు కొరికిన మొక్క వాసనను పక్క మొక్క పసిగట్టి ముందే జాగ్రత్తపడింది’ అని రాయండి. పని చేసింది ఎవరో స్పష్టంగా తెలుస్తుంది.

మొక్కజొన్న సంగతి వేరు. లద్దెపురుగు ఆకు తింటున్నప్పుడు దాని ఉమ్మి గాయానికి తగిలి, మొక్క ప్రత్యేకమైన వాసన వదులుతుంది. ఉత్తినే కత్తెరతో కోస్తే అది అంతగా రాదు. ఆ వాసన పట్టుకుని చిన్న కందిరీగలు వచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి. మొక్కకు శత్రువు పీడ విరగడవుతుంది, కందిరీగ పిల్లలకు తిండి దొరుకుతుంది. అక్కడ ‘మొక్కజొన్న కందిరీగను పిలిచింది’ అని నిక్షేపంగా రాయవచ్చు.