ఫ్యాను రెక్కల అంచున నల్లగా పేరుకుంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. దగ్గర్లోనే రైస్ మిల్లులు. ఫ్యాన్లు తుడిచిన కొద్దిరోజులకే మళ్లీ దుమ్ము. బూజుకర్రతో దులిపితే మంచమంతా పడుతోంది. అసలు అంత స్పీడుగా తిరిగే ఫ్యానుకి దుమ్మెలా అంటుకుంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: తిరుగుతోంది కాబట్టే అంటుకుంటుందండీ. గాలిని ముందుగా కోసే అంచుకి దుమ్ము నేరుగా వచ్చి కొట్టుకుంటుంది, పైగా రెక్కని ఆనుకున్న పల్చటి గాలిపొర రెక్కతోపాటే తిరుగుతుంది కాబట్టి సన్నటి దుమ్ము ఎగిరిపోదు. మిల్లుల ఊక, బూడిద తోడైతే ఇక చెప్పేదేముంది!

బూజుకర్ర పక్కన పెట్టేయండి. స్విచ్ ఆపి, ఫ్యాను పూర్తిగా ఆగాక, పాత దిండు గలీబు రెక్కకి తొడిగి, పైనుంచీ కిందనుంచీ మెల్లగా పట్టుకుని మీవైపు లాగండి, దుమ్మంతా గలీబులోనే పడుతుంది. గట్టిగా వేలాడకండి, రెక్క వంగిందంటే ఫ్యాను ఊగుతుంది. వంటింటి ఫ్యానుకి మాత్రం పోపుల నూనె జిడ్డు ఉంటుంది, పొడిబట్టకి లొంగదు. గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త గోరువెచ్చటి నీళ్లలో కలిపి, బట్ట బాగా పిండి తుడిచి, వెంటనే పొడిబట్టతో ఆరబెట్టండి. మోటారు మీద నీళ్లు చల్లడం, స్ప్రే కొట్టడం అస్సలొద్దు. ఇల్లు ఊడ్చాక కాదు, ఊడ్చేముందే ఈ పని పెట్టుకోండి.

శుభ్రం చేసినా నెమ్మదిగానే తిరుగుతుంటే అది దుమ్ము తప్పు కాదు, చాలాసార్లు కెపాసిటర్ (మోటారు తిరగడానికి తోడ్పడే చిన్న భాగం) బలహీనపడి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి.