ఎద్దులో బలం వెతకొద్దు

తమ్ముడూ,

బలం గురించి పిల్లల కోసం నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ మొదటి వాక్యంలోనే బలానికి నిర్వచనం పెట్టేశావు, ఎనిమిదో తరగతి పిల్ల అక్కడే పుస్తకం మూసేస్తుంది. దాన్ని చివరికి జరుపు.

మన కర్నూలు పల్లెల్లో ఉగాదికో శివరాత్రికో ఎడ్ల బండలాగుడు పోటీ చూడని పిల్లలు తక్కువ కదా, అక్కడినుంచి మొదలుపెట్టు. ఈల వేయగానే ఎడ్లు మెడలు వంచి కాడిని నెడతాయి, మోకు బిగుసుకుంటుంది, బండ కదలదు, గిట్టలు మట్టిలో దిగబడతాయి, ఇంకా కదలదు, ఉన్నట్టుండి జర్రుమని జారుతుంది. ఆ క్షణం దగ్గర ఆగి, తీరిగ్గా రాయి. లాగుడు పెరిగేకొద్దీ నేల ఘర్షణ కూడా అంతే పెరుగుతూ బండను పట్టుకుంది, ఒక హద్దు దాటాక పట్టు సడలింది. జారేటప్పటి ఘర్షణ ఆ హద్దు కన్నా తక్కువ, అందుకే కదిలించడం కష్టం, కదిలాక కాస్త నయం.

ఇంకో మాట, ఇది మన భాషలో ఉన్న చిక్కు. ఎద్దుకు బలముంది, వాడికి బలం లేదు అంటాం. భౌతికశాస్త్రంలో బలం ఎవరి సొత్తూ కాదు, రెండు వస్తువుల మధ్య జరిగేది. ఎడ్లు బండను ఎంత లాగుతాయో బండ కూడా వాటిని అంతే వెనక్కి లాగుతుంది. మరి ముందుకెలా పోతున్నాయని తెలివైన పిల్ల తప్పకుండా అడుగుతుంది. గిట్టలు నేలను వెనక్కి తోస్తే నేల ఎడ్లను ముందుకు తోస్తుంది, ఆ తోపు బండ లాగుడుని మించితేనే ఆగి ఉన్న జత కదలడం మొదలుపెడుతుంది. నీ వ్యాసంలో "ఎద్దులోని బలం" అని మూడుచోట్ల ఉంది, మార్చు.

నా మొదటి పాఠంలో "బలం ఆగితే కదలిక ఆగుతుంది" అని రాశాను, ఎడ్లు ఆగితే బండ ఆగుతోంది కదా అని. అచ్చయ్యాక ఒక సైన్సు మాస్టారు కార్డు రాసి తప్పు చూపించారు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బండను ఆపుతున్నది ఘర్షణ, అదీ బలమే! క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లకముందు, చల్లాక స్ట్రైకర్ ఎంత దూరం పోతుందో చూపించి, ఘర్షణే లేకపోతే ఎక్కడ ఆగుతుందని పిల్లనే అడుగు. ఏ బలమూ ఆపకపోతే కదిలేది కదులుతూనే ఉంటుంది. గెలీలియో ఊహ ఈ దారిలోనే నడిచింది, 1687లో అచ్చయిన తన గ్రంథంలో న్యూటన్ దాన్ని చలన నియమాల్లో మొదటిదిగా పెట్టాడు.

బస్సు బ్రేకు ఉదాహరణ తీసేయ్, అందరూ రాసిందే. బలాన్ని కొలిచే న్యూటన్ అనే కొలత చెప్పడానికి నూరు గ్రాముల బుడ్డల (వేరుశనగల) పొట్లం చాలు, అరచేతిలో పెడితే దాని బరువు దాదాపు 1 న్యూటన్.

ఆదివారంలోపు మళ్లీ రాయి. పంపేముందు ఇంట్లో ఎవరైనా పిల్లకు పైకి చదివి వినిపించు, ఎక్కడ దిక్కులు చూసిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి ఆ కాగితమే పంపు.

నీ అన్న,
కర్నూలు