ఆకులు లేని చెట్టా?

ప్రశ్న: ఆస్ట్రేలియాలోని ‘డ్రూపింగ్ షీఓక్’ చెట్టుకు ఆకులే ఉండవంటారు. నిజమేనా?

జవాబు: ఉంటాయి కానీ కంటికి ఆనవు. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో సహజంగా పెరిగే ఈ చెట్టు సరుగుడు కుటుంబానికి చెందినది; శాస్త్రనామం అల్లోకాజువరైనా వర్టిసిల్లాటా. సూదుల్లా వేలాడే పచ్చని పోగులు నిజానికి సన్నని రెమ్మలు. ఒక రెమ్మను మెల్లగా లాగితే కణుపు దగ్గర విడిపోతుంది. ఆ కణుపు చుట్టూ వలయంగా కనిపించే పదికి అటూఇటూ ఉన్న, రంపపు పళ్లలాంటి చిన్న మొనలే దాని ఆకులు. ఆడ, మగ పూలు సాధారణంగా వేర్వేరు చెట్లకు పూస్తాయి, పుప్పొడిని గాలి మోస్తుంది. వేరు బుడిపెల్లోని ఫ్రాంకియా బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని చెట్టు వాడుకోగల రూపంలోకి మార్చడం (స్థిరీకరించడం) వల్ల ఇది నిస్సారమైన నేలలోనూ నిలదొక్కుకుంటుంది. కంగారూ ద్వీపంలోని నిగనిగలాడే నల్ల కాకటూ పక్షులకు దాదాపు ఏకైక ఆహారం దీని గింజలే. అంత చిన్న గింజ కోసం గట్టి కాయను ముక్కుతో చీల్చే ఓపిక వాటికే చెల్లింది.